లైట్‌హౌస్ వెనక

కురుపాం మార్కెట్ వెనక సందులో
నాది పటాలు కట్టే కొట్టు.
దేవుళ్ళకీ పోయినోళ్ళకీ
ఒకే చట్రం, ఒకే మేకులు.

ఉక్కు ఫ్యాక్టరీ సగం ఇనుమూ సగం బురదగా ఉన్న రోజుల్లో
ఒక రష్యా ఆవిడ వచ్చింది, జినైదా అని.
ఇంజినీర్ల మాటల్ని ఇటూ అటూ మోసే ఉద్యోగం.
ఆమె తెలుగు పుస్తకంలోంచి అప్పుడే దిగినట్టుండేది:
"దయచేసి దీనికి ఒక చట్రము నిర్మింపుడు."
నవ్వాపుకోలేక దగ్గాను.

రొట్టె కాగితంలో చుట్టిన ఫోటో. అరచేతిలో సగం.
ముసలాయన. గడ్డం. అంతే.
తల మీద ఏమీ లేదు, భుజాల్లేవు, గుండె లేదు.
పన్నెండో ఏట కత్తెర పట్టిన చెయ్యి నాది,
అంచు చూస్తే చెప్పగలను.
ఇది కొలిచి కోసింది కాదు.
వణుకుతూ కోసింది.

"మా అమ్మమ్మ," అంది. "ఆయనకు చెల్లెలు.
కిరీటమును, శిలువను కోసి పొయ్యిలో వేసెను.
ముఖమును వేయలేకపోయెను."

వార్నిష్ ఆరేదాకా మూడు మధ్యాహ్నాలు
స్టూలు మీద కూచుని చెప్పింది.
బిషప్పట. పేరు వర్లామ్.
చర్చి గంట కొట్టేవాడి కొడుకు, తేనెటీగలంటే ప్రాణం.
కరువొచ్చిన ఏడు చర్చిలో వెండంతా
తనే తూకం వేయించి ఇచ్చేశాడట, జనం గంజికి.
ఒక్క గిన్నె మాత్రం ఇవ్వనన్నాడు,
"ఇది ఇవ్వడానికి నేనెవణ్ణి?" అని.
ఆ గిన్నెకి మూడేళ్ళు.

మంచు సముద్రంలో దీవి, దీవిలో ఖైదు.
అక్కడాయన చేత వలలు అల్లించారు.
"వలలా?" అన్నాను, సుత్తి పక్కన పెట్టి.
మాది పెద జాలరిపేట. మా నాయన మైలపల్లి ఎల్లయ్య
వెదురు సూది పళ్ళ మధ్య కరుచుకునే కునుకు తీసేవాడు.
"ఏ కన్ను వల? ఏ చేపకి?"
తెలీదంది. ఆ మాటలు పుస్తకం నేర్పలేదు.
చలికి దారం బిగుసుకుంటే
నోట్లో పెట్టుకుని మెత్తబరిచేవాడని మాత్రం తెలుసు.
మా నాయనకి చలి లేదు.
అయినా అంతే.

ముప్పై ఏడులో మళ్ళీ పట్టుకున్నారు.
"నీ వెనకున్నోళ్ళ పేర్లు చెప్పు" అని
ఐదు రాత్రులు నిలబెట్టారు.
ఆరో రాత్రి చెప్పాడు. నలభై పేర్లు.
రాసుకున్నవాడు సంబరపడి బళ్ళు కట్టించాడు.
తీరా చూస్తే అన్నీ ఆ ఊరి సమాధుల మీది పేర్లు,
ఆయన తన చేత్తో మట్టి చల్లినవాళ్ళు.
ఒక్కడూ దొరకలేదు.

ఇంటికి కాగితం వచ్చింది:
పదేళ్ళు. ఉత్తరాలు రాసే హక్కు లేదు.
అప్పటికే పైను చెట్ల అడవిలో గొయ్యి పూడ్చేశారని
చెల్లెలికి ఎవరు చెబుతారు?
పదేళ్ళూ లెక్కపెట్టింది.
పదకొండో ఏడు బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెట్టింది.

"దీని ముందర వేరొక బొమ్మ పెట్టుడు," అంది జినైదా,
గుమ్మం వైపు చూసి.
గోడ మీద క్యాలెండర్. డాల్ఫిన్ నోస్, కొండ మీద లైట్‌హౌస్.
కోసి పెట్టాను. ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు,
అలవాటున్నవాడిలా.

డబ్బులిచ్చింది. పటం తీసుకుపోలేదు.
"సరిహద్దులో విప్పెదరు. మరల వచ్చెదను."
తర్వాత ఆ దేశమే ముక్కలైంది. ఆవిడ రాలేదు.
లైట్‌హౌస్ బాగుంది, ఎంత, అని అడిగినోళ్ళందరికీ
అమ్ముడైపోయిందన్నాను, ఇరవై ఎనిమిదేళ్ళు.

హుద్‌హుద్ నాడు రేకులు లేచిపోయాయి.
తెల్లారి వెళ్తే దేవుళ్ళంతా గాజుముక్కల్లో బోర్లా.
లైట్‌హౌస్ నానిపోయి ఒక మూల వేలాడుతోంది.
దాని కింద ఆయన.
తడవలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి,
గడ్డం సగం చెమ్మ తాగింది. కళ్ళు ఉన్నాయి.

మనవడు అడిగాడు: "తాతా, దండెయ్యాలా?"
ఏమో. వాళ్ళకి దండలుంటాయో లేదో ఆవిడ చెప్పలేదు.
అటక మీంచి నాయన వెదురు సూది దించి
చట్రం కింద ఆనించాను. కొత్త గాజు వేశాను.
ముందర బొమ్మేదీ పెట్టలేదు.

మొన్నొకామె అడిగింది,
"ఎవరండీ, మీ పెద్దాయనా?"
నోట్లో మేకులున్నాయి.
తలూపాను.